పన్నెండు వోల్టుల లెక్క



కారుకి ఏ మార్పులు చేయించుకోవచ్చు, కంప్యూటర్ కొనేటప్పుడు ఏం చూడాలి అనే రెండు ప్రశ్నలూ ఈ రోజుల్లో తరచు ఒకే ఇంట్లోంచి వస్తున్నాయి. తండ్రి ముచ్చటపడి కారు కొంటాడు. ఆ ఏడో, మరుసటి ఏడో కొడుకో కూతురో బీటెక్‌లో చేరతారు. కారు షోరూమ్ పక్కనే యాక్సెసరీస్ షాపు ఉంటుంది, కంప్యూటర్ షాపులో సేల్స్ కుర్రాడు ఉంటాడు. ఇద్దరూ ముందుగా చూపించేవి మెరిసేవే. ఒకరు నీలం లైట్లు చూపిస్తే, ఇంకొకరు రంగులు మార్చుకునే ఫ్యాన్లున్న కేబినెట్ చూపిస్తారు.

హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కన్యాబోయిన సుధాకర్ చేత్తో తయారుచేసిన వింత వాహనాలు అక్కడ చూడొచ్చు. బూటు ఆకారంలో ఒకటి, క్రికెట్ బ్యాటు ఆకారంలో ఒకటి, ఏకంగా కంప్యూటర్ ఆకారంలో ఒక కారు! పిల్లల్ని తీసుకెళ్ళండి, సరదాపడతారు. నేను మాత్రం ఇవాళ రూపం జోలికి వెళ్ళను. ఈ రెండు యంత్రాలకీ లోపల ఉమ్మడిగా ఉన్న ఒక చిన్న లెక్క చెబుతాను. మీ డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఆ లెక్కే చాలావరకు తేల్చేస్తుంది.

కారు బ్యాటరీ 12 వోల్టులది. టేబుల్ మీద పెట్టుకునే కంప్యూటర్‌లో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కరెంటు అందించేది కూడా 12 వోల్టుల లైనే. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి, అంటే ఆ తీగలోంచి ఎంత కరెంటు పోతుందో తెలుస్తుంది. హైస్కూల్లో చదువుకున్నదే. మనింట్లో 230 వోల్టుల మీద 100 వాట్ల బల్బు వెలిగితే అర ఆంపియరు కూడా పోదు. అదే 100 వాట్లు 12 వోల్టుల మీద కావాలంటే ఎనిమిది ఆంపియర్లు దాటుతుంది. అందుకే కారులోనూ కంప్యూటర్‌లోనూ వాట్లు చిన్నవిగా కనిపించినా తీగల మీద భారం పెద్దది. దీన్ని గుర్తుపెట్టుకుని ముందుగా హెడ్‌లైట్ల దగ్గరికి వద్దాం.

రాత్రిపూట హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి మీద ప్రయాణం చేసినవాళ్ళకి ఎదురు లైట్ల బాధ చెప్పనక్కర్లేదు. ఎదుటివాళ్ళ లైట్లు మన కళ్ళలో పడుతున్నాయని మనమూ పెద్ద లైట్లు పెట్టిస్తాం. పాత మోడళ్ళలో, చవక మోడళ్ళలో ఎక్కువగా ఉండేది హెచ్ 4 రకం హాలోజన్ బల్బు. హై బీమ్ 60 వాట్లు, లో బీమ్ 55 వాట్లు. రెండు లైట్లకీ హై బీమ్ వేస్తే 120 వాట్లు, అంటే 10 ఆంపియర్లు. షాపువాడు దీన్ని తీసేసి 100 వాట్ల బల్బులు బిగిస్తాడు. ఇప్పుడు 200 వాట్లు, దాదాపు 17 ఆంపియర్లు. బల్బు మారింది గానీ తీగ మారలేదు, స్టీరింగ్ పక్కనున్న స్విచ్చీ మారలేదు. కొన్నాళ్ళకి ఆ స్విచ్ దగ్గర కాలిన వాసన వస్తుంది, బల్బు హోల్డర్ ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకి తిరుగుతుంది. పైగా ఆ వాట్ల బల్బు నిబంధనలు ఒప్పుకునేదీ కాదు.

మరి వెలుగు చాలకపోతే ఏం చేయాలి? ముందు కొలవాలి. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర మీటరు పెట్టండి. 14 వోల్టులకి అటూ ఇటూగా చూపిస్తుంది. ఇప్పుడు బల్బు హోల్డర్ వెనక పెట్టి చూడండి. అక్కడ పన్నెండున్నరే చూపిస్తే మిగతా ఒకటిన్నర వోల్టు దారిలోనే, సన్నటి తీగల్లో, అరిగిన స్విచ్ కాంటాక్టుల్లో, తుప్పుపట్టిన ఎర్త్ బోల్టు దగ్గర వేడిగా మారి పోతోందన్నమాట. హాలోజన్ బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. అంటే కంపెనీవాడిచ్చిన బల్బు తన పూర్తి వెలుగు ఎన్నడూ చూపలేదు. దీనికి మందు రిలే కిట్. స్విచ్‌లోంచి చిన్న కరెంటు మాత్రమే వెళ్ళి రిలేని నొక్కుతుంది. అసలు భారం బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా, లావు తీగలో సూటిగా బల్బుకి వెళుతుంది. బల్బు పాతదే, వాట్లు పాతవే. ఖర్చు కొద్దిపాటిది. పోలీసు అడిగినా ఇబ్బంది లేదు. హెడ్‌లైట్ అద్దం పసుపుపచ్చగా మసకబారి ఉంటే దాన్ని పాలిష్ చేయించడం కూడా ఇందులో భాగమే. చాలా కార్లకి బల్బు కంటే ముందు కావలసింది ఆ పాలిషే.

ఎల్.ఇ.డి. బల్బు పెట్టిస్తే సరిపోదా అంటారు. హాలోజన్ బల్బులో వెలుగు పుట్టేది సన్నటి చిన్న ఫిలమెంటు దగ్గర. దాని వెనకుండే రిఫ్లెక్టర్ వంపు మొత్తం, ఆ ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో మిల్లీమీటర్లలో చూసుకుని చేసినది. ఎల్.ఇ.డి. బల్బులో చిప్పులు రెండు చదును పక్కల మీద అతికించి ఉంటాయి. వెలుగు పుట్టే చోటు, ఆకారం మారిపోయాయి కనుక రిఫ్లెక్టర్ దాన్ని రోడ్డు మీదకి కాక నలుదిక్కులా చిమ్ముతుంది. మీ కారు ముందు పది అడుగులు తెల్లగా మెరుస్తుంది కాబట్టి బాగా కనిపిస్తోందనుకుంటారు. దూరం కనబడదు, ఎదుటివాడికి అసలే కనబడదు. కంపెనీ నుంచే ఎల్.ఇ.డి. లైటుతో వచ్చిన కారు సంగతి వేరు. దాని కటకం, రిఫ్లెక్టర్ దానికోసమే చేసినవి.

చట్టం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, కొంచెం ఓపిక పట్టండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టు వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేకుండా చేసిన ఒక్కొక్క మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. రంగు మార్చుకోవచ్చు, ఆర్.టి.ఓ. ఆఫీసుకి వెళ్ళి ఆర్.సి.లో రాయించుకోవాలి. ఆమోదం పొందిన సి.ఎన్.జి. కిట్ పెట్టించుకోవచ్చు, అదీ ఆర్.సి.లో ఎక్కాలి, సిలిండర్‌ని మూడేళ్ళకొకసారి పరీక్ష చేయించాలి. వికలాంగులు తమకి వీలుగా కారుని మార్పించుకోవడానికి కూడా చట్టంలో దారి ఉంది. కాళ్ళు సహకరించనివారు చేతులతోనే బ్రేకు, యాక్సిలరేటర్ నడిపేట్టు చేయించుకోవచ్చు. కారు మార్పుల్లో నిజంగా మనిషి బతుకుని మార్చేది ఇదొక్కటే, మన దగ్గర దీని గురించి తెలిసినవాళ్ళు తక్కువ.

అద్దాల ఫిల్మ్ మాట. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుగు లోపలికి రావాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఫిల్మ్ అంటించడాన్నే కాదంది. తర్వాత ప్రమాణాలకి లోబడిన గ్లేజింగ్ విషయంలో నిబంధన కొంత సడలింది గానీ ఆ 70, 50 లెక్క మారలేదు. బంపర్ ముందు ఇనప గార్డు సంగతైతే మరీ సూటిగా ఉంది. తీసేయించండని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. కారణం కూడా సబబైనదే. కారు ముందుభాగం గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బని తాను తీసుకునేట్టు తయారవుతుంది, ఆ నలిగే తీరు చూసే ఎయిర్ బ్యాగ్ సెన్సర్ తెరవాలా వద్దా అని నిర్ణయిస్తుంది. మధ్యలో ఇనప కడ్డీ అడ్డం పెడితే దెబ్బ నేరుగా ఛాసిస్‌కి పోతుంది, బ్యాగు తెరుచుకోవలసిన క్షణం తప్పిపోవచ్చు. అడ్డొచ్చిన పాదచారి గతి చెప్పనే అక్కర్లేదు.

ఇవి అందరికీ కొద్దో గొప్పో తెలిసినవే. తెలియని ఒకటి చెబుతాను, సీటు కవర్లు. మీ కారుకి సైడ్ ఎయిర్ బ్యాగులు ఉంటే, అవి చాలావరకు ముందు సీటుకి తలుపు వైపు అంచులో కుట్టు లోపల దాగి ఉంటాయి. గుద్దుకున్న క్షణంలో ఆ కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద మందపాటి రెగ్జిన్ కవరు బిగించి, మూడు వరసల కుట్లు వేసి, కింద హుక్కులు లాగి కడితే బ్యాగు ఎక్కడికి వస్తుంది? సీటు పక్కన చిన్న గుడ్డ చీటీ మీద ఎయిర్ బ్యాగ్ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే, ఆ పక్క తెరుచుకునేట్టు ప్రత్యేకంగా కుట్టిన కవరు తప్ప మరొకటి వేయకండి. కవరు లేకుండా వదిలేసినా నష్టమేం లేదు. ఇక సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే బీప్ శబ్దాన్ని ఆపడానికి అమ్మే క్లిప్పులున్నాయి. వాటి అమ్మకాన్ని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ దుకాణాల్లో ఆపించింది. ఆ క్లిప్పు కొన్నవాడితో వాదించడానికి నా దగ్గర మాటల్లేవు.

టైర్ల దగ్గర కాస్త ఆగుదాం. రోడ్డుకీ కారుకీ మధ్య ఉన్నది నాలుగు టైర్లే, ఒక్కొక్కటీ అరచేయంత మేర నేలని తాకుతుంది. బ్రేకు ఎంత గొప్పదైనా, ఎ.బి.ఎస్. ఉన్నా, చివరికి పని చేసేది అంత చోటే. టైరు పక్కన 185/65 ఆర్ 15, ఆ తర్వాత 88 హెచ్ అని ఉందనుకోండి. 185 మిల్లీమీటర్లు వెడల్పు. అందులో 65 శాతం పక్కగోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్, 15 అంగుళాల రిమ్. 88 అనేది ఒక్క టైరు మోయగల బరువుకి గుర్తు, 560 కిలోలు. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఎదురుగా కనబడే వెడల్పు పెంచమని అడుగుతారు చాలామంది. 205/65 ఆర్ 15 వేశారనుకుందాం. పాత టైరు నిలువు కొలత 621 మిల్లీమీటర్లు, కొత్తది 647. నాలుగు శాతం తేడా. స్పీడోమీటర్ 100 చూపించేటప్పుడు కారు అంతకుముందు వెళ్ళిన వేగం కంటే నాలుగు శాతం ఎక్కువ వెళుతుంటుంది. పికప్ తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకోవచ్చు. అదే 16 అంగుళాల అలాయ్ వీల్స్‌కి వెళ్ళి 195/55 వేస్తే కొలత మళ్ళీ 621 దగ్గరే వస్తుంది. లెక్క కుదిరింది గానీ పక్కగోడ పొట్టిదైంది. మన వీధుల్లో వానాకాలం గుంతలో పడితే రిమ్ వంగేది ఇలాంటి టైర్లకే.

నా సలహా అడిగితే సైజు ముట్టుకోకండి. అదే సైజులో మంచి టైరు కొనండి, డబ్బు అక్కడ పెట్టండి. పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. షాపులో మూడేళ్ళుగా పడున్న టైరుని కొత్తదానిగా అంటగట్టకుండా ఇది చూసుకోండి. గాలి ఎంత పట్టాలో డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ మీద ఉంటుంది. పెట్రోల్ బంకులో కుర్రాడు అందరికీ పట్టే 35 కాదు, ఆ స్టిక్కర్ మీది అంకె. పొద్దున్నే, బండి వేడెక్కకముందు చూసుకోవాలి.

పాటలపిచ్చి ఉన్నవాళ్ళకి కూడా ఆ 12 వోల్టుల లెక్కే. 500 వాట్ల యాంప్లిఫయర్ నిజంగా 500 వాట్లు లాగితే 40 ఆంపియర్లు దాటుతుంది. దానికి తీగ బ్యాటరీ నుంచి నేరుగా రావాలి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజ్ ఉండాలి. ఆ ఫ్యూజ్ యాంప్లిఫయర్‌ని కాపాడటానికి కాదు. మధ్యలో తీగ ఎక్కడైనా ఇనుముకి రాసుకుని షార్ట్ అయితే కారు తగలబడకుండా కాపాడటానికి. స్టీరియో, రివర్స్ కెమెరా, డ్యాష్‌క్యామ్ ఏది పెట్టించినా ఒరిజినల్ తీగ కోయనివ్వకండి. సాకెట్‌కి సాకెట్ కలిసే కిట్లు దాదాపు అన్ని మోడళ్ళకీ దొరుకుతాయి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పాత ఎలక్ట్రీషియన్లని అడిగి చూడండి. బయట తీగలు కోసి టేపు చుట్టి వదిలేసిన బళ్ళు వాళ్ళ దగ్గరికి ఎన్ని వస్తాయో వాళ్ళే చెబుతారు.

ఇంజన్‌కి పవర్ పెంచే సాఫ్ట్‌వేర్ మార్పుల గురించి, రీమ్యాప్ అంటారు దాన్ని, ఒక్క మాట. టర్బో ఇంజన్లలో నిజంగానే శక్తి పెరుగుతుంది. పెరిగిన ఆ శక్తిని క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకులు భరించాలి, అవి పాతవే. వారంటీ పోతుంది. సైలెన్సర్ మోత పెంచుకునేవాళ్ళకి చెప్పేదేం లేదు. పోలీసులు రోడ్డు రోలర్ కింద సైలెన్సర్లు తొక్కించే దృశ్యాలు టీవీలో చూసే ఉంటారు.

ఇక కంప్యూటర్ దగ్గరికి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్, సి.టి.సి. అంటే కంప్యూటర్ విడిభాగాలు కొన్న ప్రతివాడికీ తెలుసు. అక్కడికి వెళ్ళి ఫలానా ప్రాసెసర్, ఫలానా గ్రాఫిక్స్ కార్డు అని అందరూ అడుగుతారు. ఎస్.ఎం.పి.ఎస్. ఏమిటని అడిగేవాడు అరుదు. గోడ కరెంటుని 12 వోల్టులుగా మార్చి కేబినెట్ లోపలికి ఇచ్చే ఇనప డబ్బా అది. కేబినెట్‌తో పాటు ఉచితంగా వస్తుంది. ఉచితంగా వచ్చిందంటేనే అనుమానించాలి.

దాని పక్కన పెద్ద అంకెల్లో 450 అని ఉంటుంది. దాన్ని వదిలేయండి, చాలాసార్లు అది మోడల్ పేరే తప్ప వాట్లు కాదు. కింద చిన్న గడుల పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. 16 అని ఉందనుకుందాం. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. మీరు కొంటున్న గ్రాఫిక్స్ కార్డు ఆర్.టి.ఎక్స్. 4060 అయితే అది 115 వాట్లు లాగుతుంది. ఐ 5 12400ఎఫ్ ప్రాసెసర్ భారం పడ్డప్పుడు 117 వాట్ల దాకా వెళుతుంది. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకి ఒక 50 వేసుకోండి. మొత్తం 280 దాటింది. 192 ఇచ్చేవాడి దగ్గర 280 అడిగితే ఏమవుతుంది? ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోతుంది, లేదా ఒకనాడు టప్పున పేలి తనతో పాటు బోర్డునీ తీసుకుపోతుంది. ఇదే కంప్యూటర్‌కి పేరున్న కంపెనీ 550 వాట్లది, 80 ప్లస్ గుర్తు ఉన్నది వేస్తే నిశ్చింత. 80 ప్లస్ అంటే గోడనుంచి తీసుకున్న కరెంటులో 80 శాతానికి తగ్గకుండా లోపలికి చేరవేస్తుందని, మిగిలినదే వేడిగా పోతుందని అర్థం. వేసవిలో 43, 44 డిగ్రీలు దాటే మన ఊళ్ళలో ఆ వేడి తగ్గడం చిన్న విషయం కాదు.

చాలా ఇళ్ళలో కంప్యూటర్ కేబినెట్ ఇనుము ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి. కేబినెట్ పాడైందని మార్చేస్తారు, కొత్తదీ జివ్వుమంటుంది. ఆ తప్పు కేబినెట్‌ది కాదు. ఎస్.ఎం.పి.ఎస్. లోపల కరెంటులోని రొదని ఎర్త్‌లోకి పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. మీ ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే ఆ దారి మూసుకుపోయి, ఆ వోల్టేజి కేబినెట్ ఒంటి మీద నిలుస్తుంది. టెస్టర్ పెడితే లైటు వెలుగుతుంది. ముందు మూడు పిన్నుల సాకెట్‌లో మూడోదానికి నిజంగా ఎర్త్ తీగ కలిపి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చాలాచోట్ల రంధ్రమే ఉంటుంది, వెనక తీగ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు పెట్టవలసిన ఖర్చు ఇది.

యు.పి.ఎస్. మీద 600 వి.ఎ. అని ఉంటే వాట్లలో అది సుమారు 360. ఫైలు సేవ్ చేసుకుని మూసేయడానికి చాలినంత సేపు ఇస్తుంది, గంటల తరబడి కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనకో పక్కనో యు.పి.ఎస్. మోడ్ అని స్విచ్ ఉందేమో చూడండి. అది వేసుకుంటే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ త్వరగా అందుకుంటుంది, చాలావరకు కంప్యూటర్ ఆగదు. వేరే యు.పి.ఎస్. కొనకముందు దీన్ని ప్రయత్నించండి.

పాత కంప్యూటర్ నెమ్మదించిందని వచ్చేవాళ్ళకి మొదటి ప్రశ్న, లోపల హార్డ్ డిస్కా, ఎస్.ఎస్.డి.నా? హార్డ్ డిస్క్ సెకనుకి 100, 150 మెగాబైట్లు చదువుతుంది, అదీ వరసగా ఉన్నవైతేనే. విసిరేసినట్టు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న చిన్న ఫైళ్ళు చదవాలంటే దాని ప్రాణం మీదికి వస్తుంది. పెళ్ళి వంటవాడు ఎంత చేయి తిరిగినవాడైనా వడ్డించేవాడు ఒక్కడే అయితే పంక్తి కదలదు. కొత్త ప్రాసెసర్ పెట్టినా ఆ డిస్కు ఉన్నంతకాలం అంతే. సాటా రకం ఎస్.ఎస్.డి. సెకనుకి 500 మెగాబైట్ల పైన చదువుతుంది. ఎన్.వి.ఎం.ఇ. రకం మూడు వేలు, ఏడు వేలు అంటుంది. రోజువారీ పనిలో హార్డ్ డిస్క్ నుంచి సాటాకి వస్తే తేడా కళ్ళకి కడుతుంది. సాటా నుంచి ఎన్.వి.ఎం.ఇ.కి వెళితే అంత తెలియదు. ఒక చిక్కు మాత్రం ఉంది. చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా ఉండే ఎం.2 కార్డులు రెండు రకాల్లోనూ దొరుకుతాయి. మీ బోర్డు మీది గాడి ఏ రకానిదో తెలుసుకోకుండా కొంటే గాడిలో సరిగ్గా కూర్చుంటుంది, కంప్యూటర్‌కి మాత్రం కనబడదు.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైన ఉండాలి, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చవగ్గా వస్తోందంటే మొదట ఇది అడగండి. అంతకంటే పాతదే ఇంట్లో ఉంటే పారేయకండి. ఎస్.ఎస్.డి. వేసి లినక్స్ ఎక్కిస్తే పిల్లల చదువుకీ టైపింగుకీ ఇంకా కొన్నేళ్ళు నడుస్తుంది.

పేర్లు చూసి మోసపోవడం గురించి. రైజెన్ 5 7520యు అని ల్యాప్‌టాప్ మీద ప్రాసెసర్ పేరు ఉంటుంది. ఏడు వేల సిరీస్ అంటే కొత్తదనుకుంటాం. ఆ నంబరులో చూడవలసింది మూడో అంకె. అక్కడ 2 ఉందంటే లోపలి డిజైన్ జెన్ 2, అది 2019 నాటిది. మూడో అంకె 4 అయితే జెన్ 4. మొదటి అంకె పెంచితే అమ్మకం పెరుగుతుంది కాబట్టి పెంచారు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. వేరే కార్డు లేకుండా కొంటే మానిటర్ నల్లగానే ఉంటుంది. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్‌లో ఇంకో తిరకాసు ఉంది. అదే 4060 పేరుతో ఒక ల్యాప్‌టాప్‌లో 35 వాట్లకే కట్టేసింది ఉంటుంది, ఇంకోదాంట్లో 115 వాట్లు తాగేది ఉంటుంది. పేరు ఒకటే, పని ఒకటి కాదు. ఎన్ని వాట్లదో అడగండి. సేల్స్ కుర్రాడు చెప్పలేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో చూసి చెప్పమనండి.

ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలున్న తల్లిదండ్రులకి సూటిగా చెబుతాను. కంప్యూటర్ సైన్స్ చదివే అబ్బాయికి గేమింగ్ ల్యాప్‌టాప్ తప్పనిసరి అని ఎవరన్నా చెబితే నమ్మకండి. ప్రోగ్రాములు రాయడానికి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్.ఎస్.డి., మంచి కీబోర్డు, రోజంతా నిలిచే బ్యాటరీ కావాలి. మెషీన్ లెర్నింగ్ మొదట్లో నేర్చుకోవడానికి గూగుల్ కొలాబ్ ఉచితంగా ఉంది, బ్రౌజర్ చాలు. మెకానికల్, సివిల్, ఆర్కిటెక్చర్ పిల్లలు త్రీడీ డిజైన్లు చేసే దశకి వచ్చినప్పుడు విడి గ్రాఫిక్స్ కార్డు ఉపయోగపడుతుంది. ర్యామ్ ఒకటే 8 జీబీ కర్ర ఉంటే పక్క గాడిలో ఇంకో 8 వేయించండి. రెండు కర్రలు జంటగా పనిచేస్తే, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న మిషన్లకి తేడా బాగా తెలుస్తుంది. పలచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచడం కుదరదు. కొనేనాడే ఎక్కువ ఉన్నది తీసుకోవాలి.

అమెరికా వెళ్ళే పిల్లలు ల్యాప్‌టాప్ ఇక్కడ కొంటే ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. పిన్ను మారిస్తే చాలు. వారంటీ ఆ దేశంలో చెల్లుతుందో లేదో మాత్రం కొనకముందే రాతపూర్వకంగా అడగండి. డెస్క్‌టాప్ సంగతి అలా కాదు. కొన్ని పాత ఎస్.ఎం.పి.ఎస్.ల వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటుంది. మన దగ్గర దాన్ని 115 వైపు జరిపి ప్లగ్ పెడితే చప్పుడు పక్కింటికి వినిపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ విడిభాగాలు కొనేటప్పుడు షాపులోనే ఇరవై నిమిషాలు భారం పెట్టి నడిపించి చూడనివ్వమనండి. ఒప్పుకోని షాపు నుంచి బయటికి వచ్చేయండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అతిగా వోల్టేజి తీసుకుని అస్థిరంగా తయారయ్యాయి. 2024 ఆగస్టులో కంపెనీ దానికి సవరణ ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అలాంటిది కొంటుంటే బోర్డు బయాస్ అప్‌డేట్ చేసి ఉందో లేదో చూసుకోండి.

కారుకైనా కంప్యూటర్‌కైనా, బిల్లు వద్దంటే 18 శాతం పన్ను తగ్గిస్తానని ఒక మాట వినిపిస్తుంది. ఆ తగ్గింపు తీసుకోకండి. సీరియల్ నంబరు రాసిన బిల్లు లేకపోతే వారంటీ అడిగే హక్కు కాగితం మీద ఉండదు. కారుకి పెట్టించిన స్టీరియో, సి.ఎన్.జి. కిట్, అలాయ్ వీల్స్ వివరాలు బిల్లులతో సహా బీమా కంపెనీకి ఈ వారంలోనే రాసి పంపండి, పాలసీలో చేర్పించండి. చేర్పించని వస్తువుకి ప్రమాదం జరిగాక పరిహారం రాదు.